వట్టి నీళ్లలో నానిన బిళ్ల

ఒడిశాలో రజ పండుగ రోజుల్లో భూమికి కూడా సెలవే. నాగలి దించరు, పార వెయ్యరు. ఆడవాళ్లు కత్తిపీట ముట్టరు, పొయ్యి రాజెయ్యరు. కటక్‌లో సందుకో ఉయ్యాల వేలాడుతూ ఉంటుంది. ఆ పక్కనే చాప పరిచి పేకాట, నోటినిండా తాంబూలం.

కుంతలా బెహెరాకు మాత్రం డ్యూటీ పడింది.

ముందురోజు అన్నకూతుళ్లిద్దరూ ఆమెను బలవంతంగా పీట మీద కూర్చోబెట్టి కాళ్లకు పారాణి పెట్టారు. "పండుగ అయ్యేదాకా నువ్వు ఏ పనీ ముట్టుకోకూడదు అత్తా" అని ఒట్టు కూడా వేయించుకున్నారు. ఆ పారాణి కాళ్లతోనే ఆమె కాఠజోడి నది ఒడ్డున ఉన్న ట్రస్టు ఆసుపత్రికి నడిచి వచ్చింది. ల్యాబు తాళం తీసి, వీధి చెప్పులు విడిచి, లోపలి చెప్పులు తొడుక్కుని, ఫ్యాను వేసి, దాని కిందే కాసేపు కళ్లు మూసుకుని నిలబడింది. పెళ్లీ పిల్లలూ లేని మనిషి కనుక పండుగ డ్యూటీలన్నీ తనవే అయిపోయాయి. ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె కాదనలేదు. ఏళ్ల తరబడి అలా నడిచిపోతోంది.

వెచ్చటి పెట్టెలో రాత్రంతా పొదిగిన ప్లేట్లు తీసి బల్ల మీద వరుసగా పెట్టింది. ఒక్కో ప్లేటులో జున్నులా పేరుకున్న మేత. ఆ మేత మీద ఒక్కో రోగి ఒంట్లోంచి వచ్చిన సూక్ష్మజీవుల్ని పలచగా పూస్తారు. పైన చిన్న చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. బిళ్లకో మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ మొలవదు, చందమామ చుట్టూ గుడి కట్టినట్టు శుభ్రమైన వలయం మిగులుతుంది. పనిచేయకపోతే సూక్ష్మజీవులు బిళ్ల అంచుదాకా వచ్చి దాన్ని ఆనుకుని మొలుస్తాయి.

కుంతల కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో వలయాలు ఎంత పెద్దవంటే, ఒకదాని అంచు ఇంకొకదానికి తగిలి కొలవడానికి చిరాకు పుట్టేది. తర్వాత అవి ఏటికేడు చిక్కిపోతూ వచ్చాయి. అందరూ చివరి మందు అనుకునే మెరోపెనెమ్ బిళ్ల చుట్టూ వలయం లేని ప్లేటు మొదటిసారి వచ్చిన రోజు ఆమెకు బాగా గుర్తు. పై అంతస్తు డాక్టర్లు కూడా దిగి వచ్చి చూశారు. ఎవరో ఫొటో తీసుకున్నారు. గాజుసామాను కడిగే హారమణి, ల్యాబులో అందరికీ మావుసీ, అంటే పిన్ని, చీర కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ తొంగిచూసి, "ఇందులో ఏముందని జాతర? ఉత్త బోడి ప్లేటు!" అంది. ఇప్పుడు అలాంటివి రోజూ వస్తున్నాయి. ఎవరూ మెట్లు దిగి రారు. కుంతల కూడా స్కేలు ఆనించి సున్నా అని రాసుకుని పక్క ప్లేటుకి పోతుంది.

ఆ పొద్దున మూడో ప్లేటు హారమణిదే.

మావుసీ ఉద్యోగం మానేసి కొన్నేళ్లయింది. చక్కెర జబ్బు ముదిరింది, మూత్రపిండాలు సగం చెడ్డాయి. మూత్రంలో మొదలైన జబ్బు రక్తంలోకి ఎక్కి, చలిజ్వరంతో ఇదే ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డులో చేరింది. ఇన్నేళ్లు ఎవరెవరి సూక్ష్మజీవుల్నో ఉడికించి, తోమి, కడిగి పారబోసిన మనిషికి, ఇప్పుడు తన పేరే ప్లేటు మీద ఎక్కింది.

కుంతల ప్లేటును వెలుతురుకి ఎత్తి చూసింది. మామూలు మందుల బిళ్లలన్నీ ఓడిపోయాయి. అది ఆమె అనుకున్నదే. మెరోపెనెమ్ బిళ్ల వైపు తిప్పింది. దాని చుట్టూ కూడా ఏ వలయమూ లేదు. ఆమె ఉలిక్కిపడలేదు. స్కేలు తియ్యకుండానే సున్నా వేసింది. వేశాక గాని చెయ్యి ఆగలేదు.

ఫోను తీసి డాక్టర్ అనిందితా పండాకి చెప్పింది. ల్యాబు పెద్ద ఆవిడే.

"అయ్యో, మన మావుసీకా?" అంది డాక్టరమ్మ. అవతల పిల్లల గోల, ఉయ్యాల గొలుసు కిర్రుకిర్రు వినిపిస్తున్నాయి. "అయితే ఇక కొలిస్టిన్ ఒక్కటే దారి. కానీ ఆ మూత్రపిండాలతో అది పడిందంటే..."

"డయాలసిస్ మీద పడుతుంది మేడమ్."

"పడుతుంది. లేస్తుందో లేదో కూడా చెప్పలేం. వార్డు డాక్టర్ మిశ్రాతో నేను మాట్లాడతాను. సాయంత్రం దాకా ఆగుతారేమో అడుగుతా. మీరు కత్తెర పరీక్ష పెట్టండి నానీ. ఆ జీవి దగ్గర మందుని కోసేది ఉందో లేదో తెలిస్తే, వేరే మందు కలిపి ఇచ్చే దారి చూడొచ్చు."

డాక్టరమ్మ వయసులో చిన్నదే, అందుకే అక్కా అన్నట్టు నానీ అని పిలుస్తుంది.

కుంతల పరీక్ష పెట్టే ముందు వార్డుకి వెళ్లింది. హారమణి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చేతికి సెలైను, నుదుటి మీద తడిగుడ్డ. అడుగుల చప్పుడికి ఇటు తిరిగి ముందు కాళ్లు చూసింది.

"పారాణి పెట్టుకుని మరీ వచ్చావే! ఉయ్యాల ఎక్కకుండా ఇక్కడ నీకేం పని?"

"నిన్ను చూసి పోదామని వచ్చా మావుసీ."

"చూశావుగా. పోయి ఊగు. నడుం పట్టేస్తే మళ్లీ ఇక్కడికే వద్దువుగాని, పక్క మంచం ఖాళీయే."

కుంతల స్టూలు లాక్కుని కూర్చుంది. ఎలా చెప్పాలో తోచక తడిగుడ్డ తీసి మళ్లీ ముంచి పిండి వేసింది. హారమణి ఆమె మొహంలోకే చూస్తోంది.

"ప్లేటు చూశావు కదూ. బోడిదేనా?"

"బోడిదే."

"హూఁ." మావుసీ ఫ్యాను వైపు చూసింది. "ఇన్నేళ్లు కడిగాను గాని ఒక్కనాడూ అడగలేదు. అంత చిన్న పురుగు అంత పెద్ద మందుని ఏం చేస్తుందే? తింటుందా?"

"తినదు. కోస్తుంది. మన మందుకి లోపల నాలుగు మూలల కట్టు ఒకటుంటుంది, మంచం చట్రం లాగ. అది బిగువుగా ఉన్నంతసేపే మందుకి బలం. ఈ జీవి తన ఒంట్లోనే ఒక ప్రోటీన్ తయారుచేసుకుంటుంది. దాని పనల్లా ఆ చట్రంలో ఒక మూల తెంచడమే. మూల తెగితే మంచం కూలినట్టే. ఒకటి తెంచి ఊరుకోదు, వెంటనే ఇంకోదాని మీద పడుతుంది."

"కత్తెర అరగదా?"

"అరిగేలోపు వేలకి వేలు కోసేస్తుంది. కొన్ని జీవులు కత్తెర పట్టవు, పడవలో నీళ్లు తోడి పోసినట్టు మందుని బయటికి తోడేసే ప్రోటీన్లు పెట్టుకుంటాయి. కొన్ని మందు వచ్చే తలుపునే మూసేస్తాయి."

"బడికి పోని పురుగులకి ఎన్ని విద్యలు!" హారమణి దగ్గబోయి ఆపుకుంది. "మరి కోసిందని నువ్వు కళ్లారా చూశావా?"

"కళ్లకి కనిపించేది కాదు మావుసీ. వలయం లేదు, అంతే. లేదంటే కోసిందనే లెక్క."

"అట్లాగా." హారమణి గొంతులో పాత ఎత్తిపొడుపు వచ్చింది. "కడిగే గదిలో ఏది పగిలినా హారమణే పగలగొట్టింది అనేవాళ్లు మీరు. ఆ పెద్ద ఫ్లాస్కు గుర్తుందా? పెట్టెలోంచి తీస్తేనే గీత ఉంది. పగిలే వచ్చిందయ్యా అంటే ఒక్కడు నమ్మాడా? నువ్వు నమ్మావా?"

కుంతల సెలైను గొట్టం మెలిక సరిచేసింది.

"నువ్వూ నమ్మలేదు. నా చేతిలో ఉంది కాబట్టి నేనే. పాపం ఆ పురుగుది కూడా అదే గతేమో!" అని నవ్వబోయి, మళ్లీ చలి పుట్టి దుప్పటి మీదికి లాక్కుంది.

మెట్లు దిగుతుంటే కుంతల మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి. మావుసీ మాట జోకే. ఆమె కూడా జోకుగానే తీసుకుంది. అయితే ఆ ఫ్లాస్కు మాత్రం కళ్లముందు నుంచి పోలేదు, మెడ దగ్గర వెంట్రుక లాంటి గీతతో.

కత్తెర పరీక్ష చాలా తేలికైనది. చిన్న గొట్టంలో కాసిన్ని నీళ్లు, ఆ నీళ్లలో రోగి సూక్ష్మజీవులు, వాటి మధ్య ఒక మెరోపెనెమ్ బిళ్ల. రెండు మూడు గంటలు నాననిస్తారు. తర్వాత బిళ్లని బయటికి తీసి, భోళా పూసిన ప్లేటు మీద పెడతారు. భోళా అంటే ల్యాబులో పెంచుకునే ఒక అమాయకపు జాతి. ఏ విద్యా రాదు, ఏ మందు చూపినా చచ్చిపోతుంది. ఆ పేరు కుంతలే పెట్టింది. నానబెట్టిన బిళ్లకి కూడా భోళా చస్తే మందులో ప్రాణం ఉన్నట్టు. భోళా కూడా చావకుండా బిళ్ల చుట్టూ కులాసాగా మొలిచిందంటే, నానిన ఆ గంటల్లో కత్తెర పని పూర్తయినట్టు.

వట్టి నీళ్లలో కూడా ఒక బిళ్ల నానబెట్టి పక్కన పెట్టాలి. ఆ సంగతి వాళ్లకి తెలియక కాదు. మొదట్లో పెట్టేవాళ్లు. బిళ్లలు దొరకని రోజుల్లో మానేశారు, తర్వాత దొరికినా మళ్లీ మొదలుపెట్టలేదు. ఎలాగూ అన్నీ కోసేవే వస్తున్నాయి, వట్టి నీళ్ల గొట్టం వాళ్లకి కొత్తగా చెప్పేదేమీ లేకపోయింది.

కుంతల హారమణి గొట్టం సిద్ధం చేసింది. ఆ రోజే సున్నా వచ్చిన ఇంకో ఇద్దరి గొట్టాలు కూడా చేసింది. బిళ్లలు పట్టే పట్టకారు కింద పెట్టబోయి, మళ్లీ తీసి, నాలుగో గొట్టంలో ఉత్త నీళ్లు పోసి అందులో ఒక బిళ్ల వేసింది.

నానే వేళలో బల్ల మీద తల వాల్చింది. భ్రమర్ పండుగకని ఇచ్చి వెళ్లిన పోడొ పిఠా పొట్లం సంచిలోనే ఉంది. భ్రమర్ ఆమె కింద పనిచేసే టెక్నీషియన్, పేరు భ్రమరబర్. ఆడవాళ్లు పొయ్యి ముట్టని పండుగలో నానీ ఏం తింటుందోనని తనే నిప్పుల మీద బియ్యప్పిండి పిఠా కాల్చి తెచ్చి, సెలవు మీద ఊరికి పోయాడు. ఒక ముక్క తుంచుకుని తింది. బెల్లం, కొబ్బరి, అడుగున కాస్త మాడిన వాసన. బాగుంది. రెండో ముక్క తినే ఓపిక లేక చుట్టి పెట్టేసింది.

సాయంకాలానికి భోళా లీలగా మొలిచింది. ప్లేటు ఎత్తి చూసింది. హారమణి బిళ్ల చుట్టూ వలయం లేదు. మిగతా ఇద్దరివీ అంతే. నాలుగోదాని వైపు తిప్పింది.

వట్టి నీళ్లలో నానిన బిళ్ల చుట్టూ కూడా భోళా కులాసాగా మొలిచి ఉంది.

ఆమె ప్లేటు దించి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ ఎత్తింది. ఏ సూక్ష్మజీవీ తగలని బిళ్ల అది. కోసేవాళ్లు ఎవరూ లేని నీళ్లలో నానింది. అయినా చచ్చే ఉంది. అంటే గొట్టంలో వెయ్యక ముందే చచ్చింది. పొద్దున ప్లేటు మీద పెట్టిన బిళ్ల కూడా ఇదే డబ్బాది.

భ్రమర్‌కి ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"నానీ! పిఠా ఎట్లా ఉంది?"

"బాగుంది. మెరోపెనెమ్ బిళ్లల డబ్బా ఎక్కడ ఉండేది?"

"ఫ్రిజ్‌లోనే. పండుగ ముందురోజు నేనే సర్ది పెట్టి వచ్చా కదా."

"సర్దకముందు?"

అవతల పేకముక్కలు కలుపుతున్న చప్పుడు. ఎవరో "ఆట వెయ్యరా భ్రమరా!" అని అరిచారు.

"సర్దకముందు..." భ్రమర్ గొంతు నెమ్మదించింది. "సాబిత్రీ వ్రతం నాడు సిస్టర్లందరూ ఉపవాసం కదా నానీ. స్టాఫ్ గది ఫ్రిజ్ చెడిపోయింది. మామిడిపళ్లు, తాటిముంజలు చల్లగా ఉంటే బాగుంటుందన్నారు. మొగుళ్ల కోసం ఉపవాసం ఉన్నవాళ్లకి వేడి పళ్లు పెడతామా అని ఒక అర ఖాళీ చేసి ఇచ్చా. డబ్బాలన్నీ ఆటోక్లేవ్ గది అలమార మీద పెట్టా. సాయంత్రం మళ్లీ తెచ్చేశా..."

"అన్నీ తెచ్చావా?"

"అన్నీ తెచ్చాననే అనుకున్నా. ఒక చిన్నది వెనక్కి జారి ఉండిపోయింది. మొన్న దుమ్ము దులుపుతుంటే దొరికింది. దానికేమవుతుందిలే, మూత ఉంది కదా అని ఫ్రిజ్‌లో పెట్టేశా. నానీ? ఏమైంది నానీ?"

జ్యేష్ఠమాసపు ఎండ, దానికి తోడు ఒకప్పుడు హారమణి గాజుసామాను ఉడికించిన ఆటోక్లేవ్ ఆవిరి. సాబిత్రీ నుంచి రజ దాకా రోజుల తరబడి ఆ గదిలో వదులు మూత కింద ఉడికిన బిళ్లలు. నీళ్ల తేమే చాలు ఆ నాలుగు మూలల కట్టు ఊడిపోవడానికి, కత్తెరతో పనిలేదు.

"ఏం కాలేదు. నువ్వు ఆడుకో. వచ్చాక తిడతాను."

"ఇప్పుడే తిట్టేయ్ నానీ, లేకపోతే ఆటలో మనసుండదు."

"ఇప్పుడు ఓపిక లేదురా" అని పెట్టేసింది. అది నిజమే.

డాక్టర్ పండాకి ఫోను చేసి సంగతి చెప్పింది. ఆవిడ అంది, "వట్టి నీళ్లది పెట్టమని నేనే చెప్పి ఉండాల్సింది. పొద్దున నాకూ తట్టలేదు నానీ. సున్నా అనగానే నమ్మేశాను."

"నేనూ అంతే మేడమ్. స్కేలు కూడా తియ్యలేదు."

వార్డుకి కూడా ఫోను కలిపి ముగ్గురూ మాట్లాడారు. డాక్టర్ మిశ్రా కొలిస్టిన్ తెప్పించి పెట్టుకున్నాడు. "సరే, మీ బిళ్ల చచ్చింది" అన్నాడు. "దాంతో ఈవిడ ఒంట్లో ఉన్నదానికి కత్తెర లేదని తేలినట్టా?"

"తేలలేదు" అంది కుంతల. "ఉండొచ్చు, లేకపోవచ్చు. సీలు తియ్యని కొత్త డబ్బా ఒకటుంది. ఇప్పుడు పెడితే రేపు పొద్దున చెబుతాను."

"ఈ రాత్రికి నేనేం చెయ్యాలి మరి? కొలిస్టిన్ ఎక్కిస్తే మూత్రపిండాలు పోతాయి. మెరోపెనెమ్ ఎక్కిస్తే, కత్తెర నిజంగానే ఉంటే రాత్రంతా నీళ్లు ఎక్కించినట్టే. మనిషే పోవచ్చు."

 డాక్టర్ పండా, "రక్తపోటు ఎలా ఉంది?" అని అడిగింది. నిలబడే ఉందన్నాడు. "అయితే మెరోపెనెమ్ పెట్టండి. అది పడిపోతే కొలిస్టిన్ మొదలుపెట్టండి. పొద్దుటి రిపోర్టు మేం వెనక్కి తీసుకుంటున్నాం."

కుంతల కొత్త డబ్బా సీలు చించింది. హారమణి ప్లేటు, మిగతా ఇద్దరి ప్లేట్లు, భోళా ప్లేటు అన్నీ మళ్లీ మొదటినుంచి వేసింది. పాత డబ్బా మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి చెత్తలో వేసింది. ఇంటికి వెళ్లాక అన్నకూతుళ్లు ఉయ్యాల ఎక్కమన్నారు. ఎక్కింది గాని వాళ్లు ఊపుతుండగానే కునికింది. దింపి పడుకోబెట్టారు. పడుకుంటే నిద్ర రాలేదు. మంచం చట్రం మూల ఒకటి ఎవరో అదేపనిగా తెంచుతున్నట్టు ఉంది.

మర్నాడు ఊరు లేవకముందే ల్యాబుకి వచ్చింది. ఫ్యాను వెయ్యలేదు, చెప్పులు కూడా మార్చుకోలేదు. పెట్టె తలుపు తెరిచి ముందు భోళాని చూసింది. పెద్ద వలయం, అంచు తీరుగా ఉంది. అంటే బిళ్ల బతికే ఉంది. అప్పుడు హారమణి ప్లేటు తీసి వెలుతురుకి ఎత్తింది.

మెరోపెనెమ్ బిళ్ల చుట్టూ శుభ్రమైన, వెడల్పాటి వలయం. కొత్తలో చిరాకు పెట్టిన వలయాల లాంటిదే. ఈసారి స్కేలు తీసి కొలిచింది. తిప్పి మళ్లీ కొలిచింది. మావుసీ ఒంట్లో ఉన్నదాని దగ్గర చిన్న మందుల్ని కోసే పాత కత్తెర ఉంది. ఈ మందుని కోసేది లేదు.

రెండో రోగి ప్లేటు కూడా మారింది. మూడో అతను మగవాళ్ల వార్డులోని ముసలాయన, బారబాటీ కోట వైపు రిక్షా నడుపుతాడు. ఆయన ప్లేటులో కొత్త బిళ్ల చుట్టూ కూడా వలయం లేదు. అది నిజం కత్తెరే. కుంతల దానికి కూడా స్కేలు ఆనించి, కొలిచి, సున్నా రాసింది. ఆ సున్నా రాయడానికి చాలాసేపు పట్టింది.

వార్డులో హారమణి దిండుకి ఆనుకుని కూర్చుంది. జ్వరం పూర్తిగా దిగలేదు గాని కళ్లు తేటపడ్డాయి. డాక్టర్ మిశ్రా అప్పటికే వచ్చి కొలిస్టిన్ సీసాల్ని వెనక్కి పంపించి వెళ్లాడట.

"ఏమైందే నా పురుగు సంగతి?"

"అది కొయ్యలేదు మావుసీ. మందు బిళ్లే ముందు చచ్చిపోయి ఉంది. ఆటోక్లేవ్ గదిలో ఉడికిపోయింది."

హారమణికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. కుంతల వీపు నిమిరింది.

"నా గదిలోనే పగిలిందన్నమాట! నేను లేకపోయినా నా గదిలోనే!" అంది ఊపిరి తిప్పుకుని. "ఎవడు పెట్టాడు? భ్రమరేనా?"

"వాడే. సిస్టర్ల పళ్ల కోసం."

"మంచి పిల్లాడు. గట్టిగా తిట్టకు. కొంచెం తిట్టు." కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచింది. "ఆ పెద్ద ఫ్లాస్కు కూడా పగిలే వచ్చింది."

"తెలుసు మావుసీ."

"ఎప్పటినుంచి తెలుసు?"

"నిన్న సాయంత్రం నుంచి."

"చాలా తొందరగానే తెలిసింది" అంది హారమణి, గోడవైపు తిరిగి పడుకుంటూ. "పో, పోయి ఊగు. సెలవు అయిపోతోంది."

కుంతల వెళ్లలేదు. కింద మగవాళ్ల వార్డులో రిక్షా ఆయన కూతురు ల్యాబు రిపోర్టు కోసం వచ్చి నిలబడి ఉంటుందని తెలుసు. స్టూలు మీద ఇంకొంచెంసేపు కూర్చుని, పారాణి చెరిగిన పాదాల్ని చూసుకుని, మోకాలి మీద చెయ్యి ఊని లేచింది.